ఎర్రగుండం బస్తాలు

"నిన్న మాపటి నుంచి ముద్ద ముట్టలేదు," అంది పాపమ్మ, చిన్నకొడుకు ముఖం చూడకుండా. "నాలుగు నెలల కడుపుతో ఉన్న మనిషి. మంచినీళ్ళు తాగి పడుకుంది. ఇంక నువ్వే చెప్పుకో."

బ్రహ్మం చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగాడు. తలుపు సందులోంచి వదిన వీపు కనిపిస్తోంది. గోడ వైపు తిరిగి పడుకుంది. పక్కన పళ్ళెంలో జొన్నరొట్టె పెట్టింది పెట్టినట్టే ఉంది.

"వదినా, లేచి తిను. సాయంత్రానికల్లా వెతికి తెస్తా."

చెంచులక్ష్మి కదలలేదు.

"యాడ వెతుకుతావురా?" గొర్రెల దొడ్డికి తడిక కట్టి వస్తూ అడిగాడు అన్న గురుస్వామి. "అరవై మూడు బస్తాలని నువ్వే చెప్పినావు గదా. పేపరు తెచ్చి చూపిచ్చినావు. బస్తాల ముందర నిలబడి నవ్వుతా ఫోటో."

"నవ్వలేదన్నా. ఎండ కొడతాంటే ముఖం అట్ల పెట్టినా."

"నవ్వినట్టే ఉంది."

పోయిన ఆదివారం తను పాఠం చెప్పే గిద్దలూరు కాలేజీ నుంచి నలభై రెండు మంది పిల్లలను అడివిలోకి తీసుకుపోయినప్పుడు నిజంగానే బ్రహ్మానికి సంతోషంగా ఉండింది. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే జనం ఎర్రగుండం లింగమయ్య దగ్గర ఆగి, స్నానాలు చేసి, తిని, ఎక్కడివక్కడ పారేసి పోయినారు. అది పులుల అడివి. అక్కడ పుల్ల విరిచినా కేసు. అట్లాంటి చోట గుండం నిండా ప్లాస్టిక్కు. అనుమతి కోసం బ్రహ్మం మూడు నెలలు తిరిగినాడు. దొరికిన తర్వాత పిల్లలందరినీ నిలబెట్టి ఒకటే మాట చెప్పాడు: చెట్ల మీద గుడ్డపేలిక కూడా మిగలగూడదు.

పిల్లలు మిగల్చలేదు.

నిన్న సాయంత్రం కొళాయి దగ్గర, ఆ పిల్లల్లో ఒకతె చెంచులక్ష్మి బిందె అందుకుంటూ మెచ్చుకోలుగా చెప్పింది. "మీ మరిది పుణ్యమా అని గుండం చెట్టు ఎంత బాగుందో అక్కా. ఒక్క మూట లేదు, ఒక్క గుడ్డ లేదు."

బిందె అక్కడే ఉండిపోయింది. ఆ చెట్టుకు చెంచులక్ష్మి మూడేళ్ళ కింద బిడ్డ కోసం ముడుపు కట్టింది. బిడ్డ పుట్టినాక కట్టిన చెయ్యే పోయి విప్పాలి. ఇంకొక చెయ్యి విప్పితే మొక్కు తెగినట్టే.

"అమ్మా, నేను కావాలని చేసినానా?" అన్నాడు బ్రహ్మం. "జనవరిలో దుప్పి చచ్చిపోతే కడుపు కోసినారు. నేను అక్కడే ఉన్నా. ఉండ చుట్టినట్టు ప్లాస్టిక్కు. మధ్యలో పసుపు గుడ్డలు కూడా ఉన్నాయమ్మా. కళ్ళారా చూసినా."

"దుప్పి కడుపు చూసినావు. ఇంట్లో ఉండే కడుపు చూడలేదు."

గురుస్వామి కర్ర గోడకు ఆనించి, గొంతు తగ్గించి అన్నాడు. "పెండ్లయి ఏడేండ్లు. రెండుసార్లు నిలవలేదు. ఈసారి నాలుగో నెల దాటింది. దీనికి ఏమన్నా అయితే, బ్రహ్మం, నేను నీతో కొట్లాడను. మాట్లాడను, అంతే."

"దానికీ దీనికీ సంబంధం లేదన్నా. డాక్టరమ్మ బాగుందనే చెప్పింది గదా."

"అది నువ్వు చదువుకున్నది. నేను చదువుకోలేదు."

లోపలి నుంచి మొదటిసారి చెంచులక్ష్మి గొంతు వినిపించింది. గోడ వైపు నుంచే.

"ఆ ముడుపులో పలక ముక్క ఉంది. దాని మీద మా ఇద్దరి పేర్లు మేకుతో రాసింది ఎవరో అడుగు అత్తా."

బ్రహ్మానికి గుర్తొచ్చింది. అప్పుడు తను పీజీ ఆఖరి సంవత్సరం. వదిన మార్కాపురం పుట్టింటి నుంచి అరచేయంత పలక ముక్క తెచ్చింది. వాళ్ళ నాయన పలకల గనిలో పనిచేసినాడు. అక్షరం పోకుండా గట్టిగా రాయి బ్రహ్మం అంటే, చదువుకుంటున్న పుస్తకం మూసి, మేకు తీసుకుని తనే రాసిచ్చాడు.

దేనికని అడగలేదు.

*

నాగేశ్వర్లు దుకాణం గిద్దలూరు బజారులో మలుపు మీద ఉంటుంది. విస్తరాకులు, ప్లాస్టిక్కు గ్లాసులు, పేపరు ప్లేట్లు, నీళ్ళ ప్యాకెట్లు. శివరాత్రికి అడివి దారిలో అన్నదానం చేసేవాళ్ళందరూ ఇక్కడే కొంటారు.

"రా అల్లుడూ, రా," అన్నాడు నాగేశ్వర్లు. "ట్రాక్టరు కోసమే గదా?"

"సోమవారం పంపిస్తానన్నావు మామా. మళ్ళీ బుధవారమన్నావు. ఈరోజు శనివారం."

"డ్రైవరు వాళ్ళ బామ్మర్ది పెండ్లిలో ఉన్నాడు."

"వారం రోజుల పెండ్లా?"

"మనిషికి పెండ్లి ఒక్కరోజే అల్లుడూ. తాగింది దిగేదానికి వారం."

బ్రహ్మం నవ్వలేదు. "సాయంత్రం ఆరు లోపల చెక్‌పోస్టు దగ్గర బస్తాలు ఎత్తకపోతే రేపటి అనుమతి రద్దు చేస్తానని రేంజరు చెప్పినాడు. ఆయన తప్పేమీ లేదు. వారం నుంచి అడివి గుమ్మంలో పెట్టినాం. గుండం కింద వాగు ఇంకా మిగిలిపోయి ఉంది. రేపు కాకపోతే మళ్ళీ వానలు పోయినాకనే."

"పోయినేడు రాజధానికి ఊరూరా మట్టీ నీళ్ళూ పంపినప్పుడు నా ట్రాక్టరుకు పూలు కట్టి ఇచ్చినా. అడిగినోడు లేడు, నేనే ఇచ్చినా. కొత్త రాష్ట్రం గదా అని. ఇప్పుడు చెత్తకి ఇమ్మంటే డ్రైవర్లు కూడా ముఖం తిప్పుకుంటారు."

"ఆ చెత్తలో సగం ఈ దుకాణం నుంచే పోయింది మామా."

నాగేశ్వర్లు ముఖం మారింది. ప్లేట్ల కట్ట ఒకటి తీసి పక్కకు పెట్టాడు. "నేను తినడానికి ప్లేటిచ్చినా. అడివిలో పారెయ్యమని ఇచ్చినానా? జొన్నలు అమ్మినోడిని కడుపునొప్పికి మందు కూడా ఇమ్మంటావా?"

"నాయనా!" లోపలి నుంచి ఆయన కూతురు సావిత్రి వచ్చింది. బ్రహ్మం దగ్గరే డిగ్రీ రెండో సంవత్సరం. పోయిన ఆదివారం ఆ పిల్ల కూడా బస్తా మోసింది. "నాలుగింటికి ట్రాక్టరు పంపు. పంపకపోతే ఈ రాత్రి కూడు నువ్వే వండుకో. అమ్మ ఎట్లా ఊర్లో లేదు."

నాగేశ్వర్లు కూతుర్ని చూసి, బ్రహ్మాన్ని చూసి, ఫోను తీశాడు. "ఇది కాలేజీకి పోకముందు నా మాట వినేది," అన్నాడు ఫోనులో ఎవరితోనో.

బయటికి వచ్చాక బ్రహ్మం సావిత్రికి ముడుపు సంగతి చెప్పాడు. ట్రాక్టరు వచ్చేలోపల బస్తాలన్నీ విప్పి చూడాలి. అప్పటికే పొద్దున్నుంచి పదకొండు మందికి ఫోను చేశాడు. ఒకడికి పరీక్ష, ఒకడికి జ్వరం, ఒకడు పామూరులో చిన్నాయన ఇంట్లో ఉన్నాడు. రేపయితే తప్పకుండా వస్తాం సార్ అని అందరూ చెప్పారు.

సావిత్రి ఏదో చెప్పబోయి ఆగింది. "చేతికి తొడుగులు తెచ్చుకుని వస్తా సార్," అని మాత్రం అంది.

*

"సారూ, అడివిని శుభ్రం చేసి నా గుమ్మం ముందర పోసినారు," అన్నాడు చెక్‌పోస్టు దగ్గర కాపలా ఉండే ఇస్సాకు. "రాత్రంతా అడివిపందులు. బస్తాలు చించుతాయి, నన్ను చూసి గుర్రుమంటాయి. నేను వాటికి కాపలానా, అవి నాకు కాపలానా తెలవడం లేదు."

"సాయంత్రం ఎత్తేస్తాం ఇస్సాకన్నా."

"అదే మాట సోమవారం చెప్పినావు. మంగళవారమూ చెప్పినావు. ఇంకొకటి, రేపు వచ్చేవాళ్ళ లిస్టు ఆరు లోపల నా చేతిలో పెట్టాల. పేరు, ఊరు, లోపలికి తీసుకుపోయేవి, తిరిగి తెచ్చేవి. ఈ గడులన్నీ నువ్వే పెట్టించినావు. చాక్లెట్టు కాగితం తీసుకుపోయినా రాయాల."

అవును, అది బ్రహ్మం పెట్టించిన నియమమే. లోపలికి పోయింది ఏదైనా మళ్ళీ బయటికి రావాలి. ఆ నియమం చూసే రేంజరు అనుమతి ఇచ్చాడు.

ఇద్దరే పని మొదలుపెట్టారు. బస్తా మూతి విప్పడం, కుమ్మరించడం, కర్రతో కెలకడం, మళ్ళీ ఎత్తడం. పులిహోర ఎండిపోయిన ప్లేట్లు, నీళ్ళ ప్యాకెట్లు, తెగిన చెప్పులు, స్నానం చేసి వదిలేసిన బట్టలు. ఒకసారి వంగి ఏరిందే మళ్ళీ వంగి ఏరడం. నాలుగో బస్తా దగ్గర బ్రహ్మానికి ఏడుపొచ్చినంత పనయింది.

రాచర్ల వైపు నుంచి ఆటో వచ్చి ఆగింది. పాపమ్మ దిగింది. తర్వాత చెంచులక్ష్మి.

"వదినా! నువ్వెందుకు వచ్చినావు? డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"కూచోమని చెప్పింది. కూచోనే వెతుకుతా." ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని, ఇస్సాకు స్టూలు లాక్కుని కూచుంది. "కుమ్మరించు."

అన్నకు చెప్పే వచ్చారా అని అడగడానికి బ్రహ్మానికి ధైర్యం చాల్లేదు.

ముడుపులు ఒక్కొక్కటే బయటపడసాగాయి. పసుపు గుడ్డవి, ఎర్ర గుడ్డవి, చీర అంచువి. దాదాపు అన్నిటికీ పైన ప్లాస్టిక్కు కవరు చుట్టి ఉంది. వానకు తడవకుండా చుట్టినట్టున్నారు. దుప్పి కడుపులో చూసిన పసుపు గుడ్డలు బ్రహ్మం కళ్ళ ముందుకు వచ్చాయి. నోరు తెరవబోయి, వదిన ఒళ్ళో చేరుతున్న మూటలు చూసి మూసుకున్నాడు.

పదిహేను, ఇరవై. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, నొక్కి చూసి, పలక తగలకపోతే ఒళ్ళో పెట్టుకుంటోంది. ఒక్కదాన్ని కూడా కింద పెట్టడం లేదు.

"ఇవన్నీ ఎందుకు వదినా ఒళ్ళో?"

"యాడ పెట్టమంటావు? ఈ ఎంగిలి ప్లేట్లలోనా?"

సావిత్రి మెల్లగా అడిగింది. "ఇంతమందికీ పిల్లలు పుట్టలేదా అవ్వా? పుట్టింటే వచ్చి విప్పాల గదా."

పాపమ్మ చేతిలో కర్ర ఆగింది.

"పుట్టినాక ఎవరికి గుర్తుంటుంది," అంది. "వీని కోసం నేనూ కట్టినా. వీడు పుట్టినాడు. ఆ యేడు వానలు. మరుసటేడు గొర్రెలకు రోగం. ఆ తర్వాత వీళ్ళ నాయన పోయినాడు."

"విప్పలేదా అత్తా?" అంది చెంచులక్ష్మి.

పాపమ్మ కర్రతో ఇంకో కుప్ప కెలికింది.

ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట ఇంట్లో ఎప్పుడూ రాలేదు. బ్రహ్మం తల్లి వంకే చూస్తూ నిలబడ్డాడు.

*

మూడు గంటలకే ట్రాక్టరు వచ్చింది. వారం రోజులు రానిది గంట ముందు వచ్చింది. అప్పటికి పద్దెనిమిది బస్తాలు విప్పాల్సి ఉన్నాయి. చూసినవి సగం మూతి కట్టలేదు.

"ఇట్ల పరిచి పెట్టినారేంది సారూ?" అన్నాడు డ్రైవరు ఇంజను ఆపకుండానే. "బస్తాలు సిద్ధంగా ఉంటాయని చెప్పినాడు నాగేశ్వర్లు శెట్టి. నాకు ఐదింటికి ఇటుకలున్నాయి."

"అర్ధగంట తమ్ముడూ. చూసినవి ముందు ఎక్కిద్దాం."

"నేను ఎక్కియ్యను. నాకు తోలమనే చెప్పినారు."

బ్రహ్మం, సావిత్రి, ఇస్సాకు కలిసి ఎక్కించారు. మిగిలినవి పాపమ్మ విప్పుతూనే ఉంది. ఒక బస్తా అడుగు ఊడి అంతా నడుము మీద పడింది. డ్రైవరు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. బ్రహ్మం దులుపుకోలేదు. దులుపుకునే తీరిక లేదు.

గురుస్వామి బండి శబ్దం అందరూ విన్నారు. దిగినాడు, చూసినాడు. చెత్త కుప్పల మధ్య స్టూలు మీద భార్య. ఒళ్ళో ముప్పై మూటలు. ముక్కుకు కొంగు.

"లే," అన్నాడు.

"ఇంక ఆరు బస్తాలున్నాయి."

"లెయ్యమన్నానా! ఇంట్లో చెప్పకుండా వచ్చి, ఈ కంపులో..." తమ్ముడి వైపు తిరిగినాడు. "నువ్వు పిలిచినావా?"

"లేదన్నా."

"పిలవకుండానే వచ్చింది, నువ్వు పంపలేదు. అంతేనా?"

"నేనే తోలకొచ్చినా," అంది పాపమ్మ. "వాన్ని అనబాకు. నన్ను అను."

గురుస్వామి తల్లిని ఏమీ అనలేక, కాలితో ఒక బస్తాను తన్నాడు. మూతి ఊడింది. ప్లేట్లతో పాటు ఒక ఎండుకొమ్మ బయటికి జారింది. దానికి మూడు కవర్లు చుట్టిన మూట.

సావిత్రి ఒక్క ఉదుటున వంగింది. "ఇది నేను విరిచిందే సార్. ముడి విప్పడానికి చెయ్యి రాలేదు. భయమేసింది. అందుకే కొమ్మతో సహా విరిచి బస్తాలో వేసినా. పొద్దున చెప్దామనుకున్నా. అక్కదో కాదో తెలియక, ఊరికే ఆశ పెట్టడమెందుకని చెప్పలేదు. పుల్ల విరిచినా కేసేనని మీరే అన్నారు గదా సార్."

ఇస్సాకు వినిపించుకోనట్టు గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

చెంచులక్ష్మి మూట అందుకుంది. వేళ్ళతో నొక్కింది. కవరు ఒకటి తీసింది, రెండోది తీసింది, మూడోది తీసింది. ఆకుపచ్చ గుడ్డ. ముడి కొమ్మను పట్టుకునే ఉంది. గుడ్డ చిరుగులోంచి పలక అంచు కనిపిస్తోంది. "గు" అన్న అక్షరం, కొమ్ము సాగదీసి, బ్రహ్మం రాసే తీరులోనే.

"ముడి విడలేదు," అంది పాపమ్మ. "విడలేదురా గురుస్వామీ."

గురుస్వామి ఒక అడుగు ముందుకు వేసి, ఆగి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "సరే. దొరికింది గదా. ఎక్కు బండి. రేపు వీడు పోతాడు గదా, తీసకపోయి కడతాడు."

"కట్టిన చెయ్యే కట్టాల." చెంచులక్ష్మి లేచి నిలబడింది. "రేపు నేను పోతా."

"ఎనిమిది కిలోమీటర్లు నడక!"

"మెల్లగా పోతా."

"డాక్టరమ్మ..."

"నాలుగో నెల దాటినాక నడువమనే చెప్పింది. బరువు ఎత్తద్దనింది. ఇది బరువా?"

ఇస్సాకు దగ్గాడు. "లిస్టులో పేరు లేకుండా నేను గేటు తియ్యనమ్మా. రేపు దాటితే ఎవరినీ పోనీయం. ఇదే ఆఖరు."

అందరూ బ్రహ్మం వైపు చూశారు. ట్రాక్టరు ఇంజను ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"వదినా," అన్నాడు బ్రహ్మం. పొద్దున్నుంచి పట్టి ఉంచుకున్నదంతా ఆ మాటలో వచ్చింది. "మేము పోయేది ఎత్తడానికి. కట్టడానికి కాదు. ఎత్తుతామని చెప్పి అనుమతి తెచ్చుకున్నా. నా చేత్తోనే మళ్ళీ చెట్టుకు గుడ్డ కట్టిచ్చినా అని తెలిస్తే, రేంజరు నా ముఖం చూస్తాడా? నేను పిల్లలకు ఏం చెప్పాల?"

"కవర్లు నువ్వు తీసుకో." మూడు కవర్లూ మడిచి అతని చేతిలో పెట్టింది. "దుప్పి తినేది ఇది. నాకు తెలియక చుట్టినా. గుడ్డ మాత్రం కడతా. ఇదిగో, వీటిని కూడా."

ఒళ్ళో మూటలు కొంగులోకి ఎత్తి చూపించింది.

"అన్నీనా?"

"వీళ్ళ ఇండ్లల్లో ఎవరు పడుకోని ఉన్నారో, ఎవరు ముద్ద ముట్టలేదో మనకు తెలుసా?"

బ్రహ్మానికి కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేని కోపం. మూడు నెలలు తిరిగిన చెప్పులు, వారం రోజులు రాని ట్రాక్టరు, పదకొండు ఫోన్లు, నడుము మీద ఎండిన పులుసు. ఇన్ని చేసి మళ్ళీ చెట్టు నిండా గుడ్డలు. కింద ఎండుటాకుల మీద కూచుని లిస్టు తీశాడు. పెన్ను తీశాడు. పేరు గడిలో చెంచులక్ష్మి అని రాశాడు. ఊరు గడిలో ఊరు రాశాడు.

"రాస్తున్నావా?" అన్నాడు గురుస్వామి పైన నిలబడి.

బ్రహ్మం పెన్ను ఆపలేదు.

"రాసుకో. రేపు సాయంత్రం దీన్ని నీ కాలేజీకే తోలుకపో. నా గడప దగ్గరికి కాదు."

బండి తిప్పుకుని కొంచెం దూరం పోయి ఆపినాడు. దిగలేదు. పోలేదు. వీపు ఇటువైపే పెట్టి కూచున్నాడు.

"లోపలికి తీసుకుపోయేవి," గడి చదివాడు బ్రహ్మం. "ఏమని రాయాల వదినా?"

"ముడుపులు ముప్పై ఒకటి. ఉన్నదే రాయి."

రాశాడు. రేంజరు కళ్ళు మొదట పడేది ఆ గడి మీదే. రాసినాక పెన్ను చివరి గడి దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

తిరిగి తెచ్చేవి.

చెంచులక్ష్మి వంగి ఆ ఖాళీ గడి చూసింది. చదవడం రాకపోయినా అది ఏ గడో ఆమెకు అర్థమయింది. ఇందాక ఇస్సాకు చెప్పినప్పుడు తను ఇంకా ఇక్కడికి రాలేదు గాని, ఇంట్లో ఈ నియమం గురించి మరిది చెప్పని రోజు లేదు.

"ఆగినావేం?" అంది. "పురుడు పోసుకున్నాక, ఆర్నెల్లకు, నేనే వచ్చి విప్పి తెస్తానని రాయి. నాదొక్కటే రాయి. మిగతా ముప్పై ఎవరు తెస్తారో..."

పాపమ్మ అప్పుడు కోడలి కొంగు పట్టుకుంది. మూటల్లోకి చూస్తూ ఉంది, తన చెయ్యి కట్టింది అందులో ఏదైనా ఉందేమోనన్నట్టు.

"ఆ గడిలో నా పేరు కూడా రాయరా," అంది.

దూరంగా బండి మీద గురుస్వామి వెనక్కి తిరిగాడు.